తిరుపతి సముద్ర వింతల ఎగ్జిబిషన్: యాభై రూపాయల చీకటి హాలు వదలొద్దు

వేసవి సెలవులకని తిరుపతిలో వేసిన సముద్ర వింతల ఎగ్జిబిషన్‌లో మూడు భాగాలున్నాయి. మొదట నీటి సొరంగం, తర్వాత జలకన్య షో, చివర్లో 'అంతుచిక్కని సముద్ర జీవులు' అని బోర్డు పెట్టిన చీకటి హాలు. గేటు టికెట్టు 120 రూపాయలు, అందులో సొరంగం, షో వస్తాయి. హాలుకు విడిగా 50 కట్టాలి. చాలామంది ఆ యాభై దగ్గరే ఆగిపోతున్నారు. సొరంగం చూశాం, జలకన్యను చూశాం, ఇంక చాల్లే అని ఢిల్లీ అప్పడాల వైపు తిరుగుతున్నారు. అలా చేయకండి. ఇక్కడ బుర్రకు పని చెప్పేది ఆ హాలు ఒక్కటే.

అయితే ఒక మాట ముందే చెప్పాలి. హాల్లో 'ఇప్పటికీ వీడని రహస్యం' అని రాసిన వాటిలో చాలావాటి ముడి ఎప్పుడో వీడిపోయింది. ఆ సంగతి బోర్డుల మీద లేదు. నూరేళ్లు దాటినా నిజంగా వీడనిది ఒక్కటే ఉంది. దాన్ని తీసుకెళ్లి బయటికి పోయే తలుపు వెనక, సరైన దీపం కూడా లేని చోట పెట్టారు. కాబట్టి బోర్డుల్లో లేని సంగతులు ఇక్కడ చదువుకుని వెళ్తే మీ యాభై రూపాయలకు న్యాయం జరుగుతుంది.

ముందు సొరంగం సంగతి. తలమీదుగా గుంపులుగా తిరిగే 'సొరచేపలు' సొరలు కావు. అవి పంగాసియస్, మన రాష్ట్రంలో చెరువుల్లో టన్నుల లెక్కన పెంచి అమ్మే ఫంగస్ చేపలు. తెల్లగా ఉన్నవి అదే జాతిలో రంగు లేని రకం. గుర్తుపట్టడం తేలిక. సొరకి తల పక్కన అయిదు నుంచి ఏడు మొప్పల చీలికలు విడివిడిగా కనిపిస్తాయి. పంగాసియస్‌కి మొప్ప మీద ఒకటే మూత ఉంటుంది, మూతి దగ్గర మీసాలుంటాయి, వీపు మీద పెద్ద రెక్కకు వెనక, తోకకు దగ్గరగా ఇంకో చిన్న మెత్తటి రెక్క ఉంటుంది. పిల్లలకు ఈ మూడూ చెప్పి లోపలికి పంపితే వాళ్లే కనిపెడతారు.

ఉప్పునీటి చేపలు ఎందుకు పెట్టలేదంటే, ఊరూరా తిరిగే ప్రదర్శనకు అది కుదిరే పని కాదు. సముద్రపు నీటికి లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు కావాలి. లక్ష లీటర్ల తొట్టె అనుకుంటే మూడున్నర టన్నులు. దానికి వంట ఉప్పు పనికిరాదు, మెగ్నీషియం, కాల్షియం లాంటివి సరైన పాళ్లలో ఉన్న అక్వేరియం ఉప్పే వేయాలి. అంతకన్నా పెద్ద అడ్డంకి వడపోత. చేపలు విడిచే అమ్మోనియాని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో కుదురుకోవడానికి వారాలు పడుతుంది. నెలకో ఊళ్లో తొట్టె విప్పి మళ్లీ బిగించే వాళ్లకు అంత వ్యవధి ఎక్కడిది? అందుకే గాలి పీల్చుకుని బతికే మంచినీటి చేపల మీద ఆధారపడతారు. ఇక్కడున్న అరపైమా, ఎలిగేటర్ గార్ రెండూ ఆ కోవలోవే. అరపైమా అమెజాన్ నది చేప. పది, ఇరవై నిమిషాలకోసారి పైకి వచ్చి గాలి మింగకపోతే చచ్చిపోతుంది. తొట్టె పక్కన కాసేపు కదలకుండా నిలబడితే అది పైకి తేలి, ఒక్క గుటకతో గాలి లాగి, వీపు మాత్రం చూపించి మునిగిపోవడం చూడొచ్చు. పెద్ద చేప ఒక్క క్షణం కనిపించి మాయమైతే చూసినవాడికి ఏం మిగులుతుందో ఇక్కడే అనుభవంలోకి వస్తుంది. ఎంత పొడవుందో పక్కనున్న ఇద్దరిని అడగండి, రెండు జవాబులు వస్తాయి.

కొలతల మోసం ఇంకోటి కూడా ఉంది. సొరంగం పక్కన వరసగా పెట్టిన బల్లపరుపు అద్దాల తొట్టెల్లో చేప ఉన్నదానికన్నా దాదాపు మూడో వంతు పెద్దగా, ఉన్న దూరంలో పావు వంతు దగ్గరగా కనిపిస్తుంది. నీటిలోంచి గాలిలోకి వచ్చేటప్పుడు వెలుతురు వంగడమే దీనికి కారణం. బోర్డు మీద రాసిన పొడవుకీ కంటికి కనిపించే పొడవుకీ తేడా వచ్చిందని కౌంటర్ దగ్గర అన్నతో వాదన పెట్టుకున్నవాళ్లున్నారు. ఆ విషయంలో బోర్డుదే ఒప్పు.

జలకన్య షో బాగుంది. దాని గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. సిలికాన్ తోక కట్టుకున్న అమ్మాయి, రాళ్ల వెనక దాచిన గాలి గొట్టం, తొట్టె పైన కాపలాగా ఒక ఈతగాడు. ఇది వేషమని మైకులో ముందే చెబుతున్నారు, ఆ నిజాయితీ మెచ్చుకోవాలి. నీళ్లలో కళ్లద్దాలు లేకుండా కళ్లు తెరిస్తే అంతా మసగ్గా ఉంటుంది కాబట్టి ఆ అమ్మాయికి మీ పిల్లలు స్పష్టంగా కనిపించరు. చెయ్యి ఊపలేదని చిన్నబుచ్చుకోవద్దని వాళ్లకు ముందే చెప్పండి. అద్దం మీద కొట్టనివ్వకండి.

ఇక హాలు.

లోపలికి అడుగు పెట్టగానే గాజు పెట్టెలో 'ఎండిన జలకన్య' ఉంటుంది. జానెడున్నర ఉంటుంది, నల్లగా, నోరు తెరుచుకుని, చేతులు ముఖం దగ్గర పెట్టుకుని. బయట వేషమని చెప్పినవాళ్లు లోపల దీని మీద 'శాస్త్రవేత్తలకే అర్థం కానిది' అని రాశారు. ఆ మాట తీసేయాలి. దీన్ని చూసే పద్ధతి ఒకటుంది. ముఖం మీ వైపు ఉంది కదా, తోక రెక్క వెడల్పు కూడా మీ వైపే ఉంది. చేప తోక రెక్క నిలువుగా, వీపు నుంచి పొట్ట వైపుకి పరుచుకుని ఉంటుంది. ముందు నుంచి చూస్తే సన్నటి గీతలా కనిపించాలి. ఇక్కడ వెడల్పుగా కనిపిస్తోందంటే చేప సగాన్ని పావు చుట్టు తిప్పి అతికించారన్నమాట. అనుమానముంటే నడుము కింద చూడండి. వీపు మీద ఉండాల్సిన రెక్క కుడి పక్కకి, పొట్ట కింద ఉండాల్సిన రెక్క ఎడమ పక్కకి వచ్చాయి. పెట్టెకు ఎడమ వైపుకి వెళ్లి వంగి చూస్తే పొలుసులు మొదలయ్యే చోట జిగురు గీత కూడా తెలుస్తుంది.

ఇలాంటి బొమ్మలకు పాత చరిత్రే ఉంది. 1842లో న్యూయార్క్‌లో బార్నమ్ అనే ప్రదర్శనకారుడు 'ఫిజీ జలకన్య' అని ఒకదాన్ని చూపించి బాగా డబ్బు చేసుకున్నాడు. జపాన్‌లోని ఒకాయామా ప్రాంతంలో ఎంజుయిన్ అనే గుడిలో తరతరాలుగా భద్రపరిచిన జలకన్య మమ్మీని 2022లో సీటీ స్కాన్ తీశారు. 2023లో ఫలితాలు చెప్పారు. లోపల పుర్రె లేదు, వెన్నెముక లేదు. గుడ్డ, కాగితం, దూదితో ఆకారం చేసి పైన చేప చర్మం అంటించారు. దవడ మాత్రం మాంసం తినే చేపది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో చేసి ఉంటారని తేలింది. చేసినవాడి పనితనం గొప్పది. నిర్వాహకులు ఈ సంగతి రాసి, పక్కన స్కాన్ బొమ్మ పెడితే జనం ఇంకా ఎక్కువసేపు నిలబడతారు.

దాని తర్వాత ఫైబర్‌తో చేసిన పెద్ద సముద్ర సర్పం. 1848 ఆగస్టు 6న బ్రిటిష్ యుద్ధనౌక డేడలస్ నుంచి కెప్టెన్ మెక్వే, అతని మనుషులు చూసినదని బోర్డు చెబుతుంది. ఇది జరిగిన విషయమే. కేప్ ఆఫ్ గుడ్ హోప్‌కీ సెయింట్ హెలీనా ద్వీపానికీ మధ్య సముద్రంలో, దాదాపు ఇరవై నిమిషాల పాటు చూశారు. తల నీటికి నాలుగడుగుల ఎత్తున ఉందనీ, నీటి పైభాగంలో కనీసం అరవై అడుగుల శరీరం కనిపించిందనీ, తల వెనక మందం పదిహేను, పదహారు అంగుళాలనీ కెప్టెన్ నివేదిక రాశాడు. తెలిసిన మనిషైతే ముఖం గుర్తుపట్టేంత దగ్గరగా పోయిందన్నాడు. బొమ్మ చేసినవాళ్లు ఈ నివేదిక చదివినట్టు లేదు. వాళ్లు బొమ్మకు అయిదు గూనులు పెట్టారు. కెప్టెన్ రాసింది దానికి సరిగ్గా వ్యతిరేకం: శరీరంలో ఏ భాగమూ పైకీ కిందికీ గానీ పక్కలకు గానీ వంపు తిరగలేదు, అయినా వేగంగా తిన్నగా పోయింది. ఈ కేసులో కీలకమైన ఆధారం అదే. బొమ్మలో అదే పోయింది.

వంపు తిరగకుండా అంత వేగంగా పోయే పాము ఉండదు కాబట్టి, అప్పుడే రిచర్డ్ ఓవెన్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త అది పెద్ద సీల్ అన్నాడు. కెప్టెన్ ఒప్పుకోలేదు. ఈమధ్య కాలంలో బాగా అతికిన వివరణ సేయ్ తిమింగలం. అది నీటి పైభాగాన మేస్తూ పోయేటప్పుడు పొడవాటి సన్నటి పైదవడ నీటిపైకి తేలుతుంది. తోక నీళ్ల కింద పనిచేస్తుంది, అది పైవాళ్లకు కనిపించదు. నూటికి నూరు పాళ్లు తేలిందని చెప్పలేం గానీ, 'వీడని రహస్యం' అనే మాటకు ఇది తగదు.

హాల్లో జనం ఎక్కువ ఆగేది మూడో దగ్గర: జపాన్ చేపల పడవ జుయో మారు. 1977 ఏప్రిల్ 25న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌కి తూర్పున సముద్రంలో వలకు కుళ్లిన కళేబరం ఒకటి చిక్కింది. దాదాపు పది మీటర్ల పొడవు, 1800 కిలోల బరువు, చిన్న తల, పొడుగు మెడ, నాలుగు రెక్కలు. వేలాడదీసిన ఫోటోను గోడంత పెద్దది చేసి పెట్టి, పక్కన ప్లీసియోసార్ (డైనోసార్ల కాలంలో బతికిన పొడుగు మెడ సముద్ర సరీసృపం) అస్థిపంజరం నమూనా నిలబెట్టారు. రెండూ చూస్తే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. పట్టిన చేపలు పాడవుతాయని పడవవాళ్లు కళేబరాన్ని మళ్లీ సముద్రంలో పడేశారు. యానో అనే అతను ఫోటోలు తీసి, రెక్క నుంచి కొన్ని పీచులు కత్తిరించి దాచాడు. ఈ చివరి వాక్యం బోర్డు మీద లేదు. కేసు తేల్చింది ఆ పీచులే. వాటిలోని అమైనో ఆమ్లాల పాళ్లు లెక్కగడితే సొరల రెక్కల్లో ఉండే ఎలాస్టోయిడిన్ అనే ప్రోటీన్‌తో కలిశాయి. పోల్చి చూడటానికి తీసుకున్న బాస్కింగ్ షార్క్ అనే పెద్ద సొర పీచులతో దాదాపు అచ్చుగుద్దినట్టు సరిపోయాయి.

సొర కుళ్లితే పొడుగు మెడ ఎలా వస్తుందనేది ఇందులో అసలు పాఠం. బాస్కింగ్ షార్క్ నోరు బార్లా తెరుచుకుని నీళ్లలో తేలే చిన్న చిన్న జీవుల్ని (ప్లాంక్టన్) వడకట్టుకుని తినే జీవి. దాని భారీ దవడలు, మొప్పల భాగం తలకాయకు గట్టిగా అతుక్కుని ఉండవు. చచ్చాక ముందుగా ఊడిపోయేవి అవే. దవడలు, మొప్పలు పోతే మిగిలేది చిన్న మెదడు పెట్టె, దాని వెనక సన్నటి వెన్ను. అదే 'చిన్న తల, పొడుగు మెడ'. సొర తోకలో వెన్నుపూసలు పైభాగంలోకే వెళ్తాయి. కింది భాగానికి ఆ దన్ను లేదు కాబట్టి అదీ రాలిపోతుంది, తోక కొరడా అయిపోతుంది. చర్మం పోయాక కండ పీచులు విడిపోయి జూలులా, వెంట్రుకల్లా వేలాడతాయి. ఛాతీ పక్క రెక్కలు, వెనక రెక్కలు మాత్రం గట్టివి, నిలుస్తాయి. ఈ క్రమం తెలిసి ఫోటో ముందు నిలబడితే ప్రతి భాగమూ ఏమై ఉంటుందో కంటితోనే చదవొచ్చు. 1808లో స్కాట్లండ్ పైనున్న ఆర్క్నీ దీవుల్లో ఒడ్డుకు కొట్టుకొచ్చిన స్ట్రాన్సే మృగం కథ కూడా ఇదే. యాభై అయిదు అడుగులని కొలిచారు, కొత్త జాతి అని పేరు కూడా పెట్టారు. లండన్‌లో ఎవరార్డ్ హోమ్ అనే వైద్యుడు వెన్నుపూసలు చూసి బాస్కింగ్ షార్క్ అన్నాడు. సొరకి ఎముకలుండవు, అంతా మృదులాస్థే. కళేబరం ఏదైనా ముందు వెన్నుపూస చూడమని అందుకే అంటారు.

ఆ పక్కన రబ్బరు ముద్దగా కనిపించేది చిలీ కళేబరం. 2003 జూలైలో ఒడ్డుకు వచ్చింది, 13 టన్నులు, పన్నెండు మీటర్లు. రాకాసి ఆక్టోపస్ అని ప్రచారం జరిగింది. డీఎన్‌ఏ చూస్తే స్పెర్మ్ తిమింగలం. తిమింగలం కుళ్లినప్పుడు ఎముకలు జారి మునిగిపోతాయి, కొవ్వును పట్టి ఉంచే కొల్లాజెన్ తిత్తి ఒక్కటే తేలుతూ ఒడ్డుకొస్తుంది. 1896లో ఫ్లోరిడాలోని సెయింట్ ఆగస్టీన్ దగ్గర దొరికిన ముద్ద కూడా తిమింగలం కొల్లాజెనే అని తర్వాతి పరీక్షల్లో తేలింది.

హెడ్‌ఫోన్ పెట్టుకుని వినే 'బ్లూప్' శబ్దం పిల్లలకు నచ్చుతోంది. 1997లో పసిఫిక్ మహాసముద్రంలో అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా పెట్టిన నీటి మైకులకు దొరికింది. అయిదు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న మైకులు కూడా పట్టాయి. ఇక్కడ వినిపిస్తున్నది పదహారు రెట్లు వేగం పెంచిన రికార్డింగ్, అందుకే గొంతులా అనిపిస్తుంది. అంటార్కిటికా వైపు భారీ మంచు పలకలు పగిలే శబ్దంతో ఇది సరిపోయిందని నోవానే తర్వాత చెప్పింది. హెడ్‌ఫోన్లు రెండే ఉన్నాయి, తుడవడానికి ఏమీ పెట్టలేదు. రుమాలు తీసుకెళ్లండి.

ఓర్‌ఫిష్ అనే లోతు నీటి చేప బొమ్మ మీద 'ప్రళయ చేప: కనిపిస్తే భూకంపం' అని రాయడం మాత్రం క్షమించరానిది. పిల్లలు భయపడుతున్నారు, పెద్దవాళ్లు ఫోటో తీసి వాట్సాప్‌లో పంచుతున్నారు. జపాన్‌లో పరిశోధకులు 1928 నుంచి 2011 వరకు లోతు నీటి చేపలు కనిపించిన 336 సందర్భాలనూ, 221 పెద్ద భూకంపాలనూ పక్కపక్కన పెట్టి చూశారు. కలిసింది ఒక్కటే. 2019లో అచ్చయిన ఆ పరిశోధన ఒక్కటి ఉదహరించినా బోర్డు పరువు నిలిచేది. బొమ్మ వరకు చూస్తే పనితనం బాగుంది. వెండి ఒళ్లు, వీపు పొడవునా ఎర్రటి రెక్క, తల మీద తురాయి అన్నీ సరిగ్గా పెట్టారు. పాత సర్పాల కథల్లో 'ఎర్ర జూలు' అని వచ్చిన చోటల్లా ఈ చేపను అనుమానించవచ్చు.

ఈ హాల్లో తప్పు లేని బోర్డు ఆక్టోపస్‌కు చుట్టమైన రాకాసి స్క్విడ్‌ది. 1857లో స్టీన్‌స్ట్రప్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త ఒడ్డుకొచ్చిన ముక్కు ఆధారంగా దానికి ఆర్కిట్యూథిస్ అని పేరు పెట్టాడు. బతికున్న దాన్ని దాని లోతులోనే ఫోటో తీయడానికి 2004 సెప్టెంబరు దాకా పట్టింది. జపాన్‌లోని ఒగసవారా దీవుల దగ్గర, 900 మీటర్ల లోతులో, కుబొదెరా, మోరి అనే ఇద్దరు ఎర కట్టిన కెమెరాతో తీశారు. లోతులో వీడియో దొరికింది 2012లో. దానికన్నా బరువైన కొలోసల్ స్క్విడ్ దాని లోతులోనే బతికుండగా కెమెరాకు చిక్కింది 2025 మార్చిలో, అదీ ముప్పై సెంటీమీటర్ల పిల్ల. నావికుల పాత కథల్లోని జీవి నిజమై, నింపాదిగా ఒక్కో మెట్టు ఎక్కుతూ శాస్త్రంలోకి వచ్చిన తీరు ఇది. పుచ్చకాయంత కన్ను నమూనా కూడా పెట్టారు, 27 సెంటీమీటర్లు. దాన్ని తాకనిస్తున్నారు. ఇది చేసినవాళ్లకు దండం పెట్టొచ్చు.

ఇప్పుడు ఆ తలుపు వెనక బోర్డు దగ్గరికి రండి. మొబైల్ టార్చి వేసుకోవాల్సి వస్తుంది.

1905 డిసెంబరు 7, పొద్దున పదింబావు. బ్రెజిల్‌లోని పరాయిబా తీరానికి దూరంగా వాల్హల్లా అనే పడవ పోతోంది. క్రాఫోర్డ్ ప్రభువు సొంత పడవ. అందులో మైకేల్ నికోల్, మీడ్-వాల్డో అనే ఇద్దరు ప్రకృతి శాస్త్రవేత్తలున్నారు. పక్షుల్ని దూరం నుంచి చూసి జాతి గుర్తుపట్టడమే వాళ్ల పని. ముందు నికోల్‌కు నీటిపైన ఒక రెక్క కనిపించింది. మీడ్-వాల్డో బైనాక్యులర్ పెట్టాడు. దూరం సుమారు వంద గజాలు. రెక్క ఆరడుగుల పొడవు, నీటిపైకి అడుగున్నర నుంచి రెండడుగుల ఎత్తు, సముద్రపు నాచులాంటి ముదురు గోధుమ రంగు, అంచు కొద్దిగా ముడతలు. దాని కింద నీళ్లలో పెద్ద శరీరం ఉన్నట్టు తెలుస్తోంది. చూస్తుండగానే రెక్కకు ముందు, కనీసం అడుగున్నర ఎడంతో, తల, మెడ పైకి లేచాయి. మెడ మనిషి ఒళ్లంత మందం, ఏడెనిమిది అడుగులు నీటిపైన. తల, కన్ను తాబేలు పోలికలో ఉన్నాయి. పైన ముదురు గోధుమ రంగు, కింద తెలుపు. మెడను విచిత్రంగా అటూ ఇటూ ఊపింది. పడవ ముందుకు పోతోంది, జీవి వెనకబడి కనుమరుగైంది. ఆ అర్ధరాత్రి దాటాక పడవ సిబ్బంది కూడా నీటి పైభాగానికి కాస్త కింద పెద్దదేదో తమకన్నా వేగంగా పోవడం చూశామన్నారు. 1906లో ఈ ఇద్దరి వివరణలూ లండన్ జువాలజికల్ సొసైటీ ముందుకు వచ్చాయి.

బోర్డులో ఇంతవరకు ఉంది, సరిగ్గానే ఉంది. ఇది మిగతా వాటిలా ఎందుకు కాదో మాత్రం లేదు. కళేబరాల కేసులన్నీ ముక్క దొరికితే తేలిపోయాయి. డేడలస్ కేసులో చూసినవాళ్లు నావికులు, జంతువుల మీద పట్టు ఉన్నవాళ్లు కారు. ఇక్కడ చూసిన ఇద్దరికీ శిక్షణ ఉంది, పరికరం ఉంది, పగటి వెలుతురు ఉంది, ఇద్దరూ ఎవరి వివరణ వాళ్లు ఇచ్చారు. తమకు తెలిసిన జాతుల్లో ఇది దేనికీ సరిపోలేదని వాళ్లే చెప్పుకున్నారు.

వివరణలు ఒక్కొక్కటీ పెట్టి చూడండి. ఓర్‌ఫిష్ అంటే రెక్క వీపు పొడవునా ఉండాలి, ఎర్రగా ఉండాలి. ఇక్కడ రెక్క విడిగా, నాచు రంగులో ఉంది. తాబేలు అంటే మెడ చాలదు, వీపు రెక్క ఉండదు. సీల్ అంటే వీపు రెక్క అడ్డొస్తుంది. ప్లీసియోసార్ అంటే గత 6.6 కోట్ల ఏళ్లలో ఒక్క శిలాజమూ లేదు, పైగా వాటి మెడ ఎముకలు హంసలా పైకి ఎత్తడానికి అనువుగా ఉండవు. రాకాసి స్క్విడ్ కొంతవరకు కుదురుతుంది: ముడతల రెక్క ఉంది, మెడలా లేచే చేయి ఉంది. కానీ బైనాక్యులర్లో కన్ను చూశానన్న మాట దాన్ని అడ్డుకుంటుంది. పెద్ద ఈల్ (పాములాంటి చేప) అన్నా రెక్కకూ మెడకూ మధ్య ఖాళీ నీరు అడ్డొస్తుంది.

మరి అనుమానించాల్సింది ఏది? దూరం. సముద్రంలో పోల్చుకోవడానికి చెట్టూ ఇల్లూ ఉండవు, గజాల లెక్క అంచనాయే. వంద గజాలంటే 91 మీటర్లు. ఆ దూరంలో ఏడడుగుల మెడ కంటికి 1.3 డిగ్రీలు. చేయి చాచి చిటికెన వేలు నిలువుగా పట్టుకుంటే దాని మందం సుమారు ఒక డిగ్రీ, ఆ మెడ అంతకన్నా కాస్త ఎక్కువ. ఆరు రెట్లు పెంచే బైనాక్యులర్‌లో ఎనిమిది డిగ్రీలు, చాచిన పిడికిలికి దగ్గర. కన్ను, రంగు తెలియడానికి అది చాలు. కానీ నిజంగా దూరం అరవై మీటర్లే అయితే అదే మెడ నాలుగున్నర అడుగులకు పడిపోతుంది, ఆరడుగుల రెక్క నాలుగడుగులవుతుంది. అప్పుడు రాకాసి జీవి కాస్తా మామూలు పెద్ద జీవి అవుతుంది. ఆకారం మాత్రం మారదు. రెక్క, ఖాళీ, మెడ, తాబేలు తల, ఈ వరస ఏ దూరానికైనా అంతే. రహస్యం మిగిలింది సైజులో కాదు, ఈ వరసలో. ఇంకా తెలియని పెద్ద జీవులుంటాయా అంటే, నాలుగున్నర మీటర్ల మెగామౌత్ సొర అనేది ఒకటుందని 1976 నవంబరు దాకా శాస్త్రానికి తెలియదు. హవాయి దగ్గర నౌకాదళ ఓడ నీళ్లలోకి వేలాడేసిన లంగరుకు చిక్కుకుని బయటపడింది.

ఈ బోర్డుకు పెద్ద దీపం, మీడ్-వాల్డో చెప్పిన రెక్కకూ మెడకూ కొలతలు చూపే గీత బొమ్మ, వంద గజాల దూరాన్ని చూపే చిన్న నమూనా పెట్టాలి. గూనుల పాము మీద పెట్టిన ఖర్చులో పదో వంతు సరిపోతుంది.

హాలు చూశాక తడ, సూళ్లూరుపేట వైపు పులికాట్‌కో, తూపిలిపాలెం బీచికో పోయే ఆలోచన ఉంటే కొన్ని విషయాలు గుర్తుంచుకోండి. ఒడ్డున నిలబడిన మనిషికి క్షితిజం అయిదు కిలోమీటర్లలోపే ఉంటుంది. నీళ్లలో ఏదైనా కనిపిస్తే వీడియోలో క్షితిజం గీత, వీలైతే ఒక పడవ పడేలా తీయండి. జూమ్ లాగొద్దు, తర్వాత పెద్దది చేసుకోవచ్చు. జూమ్ లాగితే ఫోన్ తనకు తోచిన గీతలు పూరిస్తుంది. టైము, దిక్కు రాసుకోండి. పక్కవాళ్లతో మాట్లాడకముందే ఎవరికి కనిపించింది వాళ్లు కాగితం మీద పెట్టండి. ఒడ్డుకు కళేబరం కొట్టుకొస్తే ఏటీఎం కార్డు పక్కన పెట్టి ఫోటో తీయండి, కార్డు పొడవు 8.56 సెంటీమీటర్లు. మొప్పల చీలికలు లెక్కపెట్టండి, వెన్నుపూస కనిపిస్తే దాన్ని విడిగా తీయండి. ముక్క కోయొద్దు, ఇంటికి తేవొద్దు. తిమింగలాలు, డాల్ఫిన్లు, సముద్రపు ఆవు, తిమింగల సొర వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. అటవీ శాఖకు చెబితే పరీక్షకు కావలసిన ముక్క వాళ్లే తీయిస్తారు. డీఎన్‌ఏ చూడాలంటే ఆల్కహాల్‌లోనే వేయాలి, ఫార్మలిన్‌లో వేస్తే పాడవుతుంది.

ఎగ్జిబిషన్‌కు శని, ఆదివారాలు వద్దు. కొండకు వచ్చినవాళ్లు కూడా కలిసి సొరంగంలో అడుగు వేయడానికి ఉండదు. వారం మధ్యలో సాయంత్రం తెరవగానే వెళ్తే హాలు ఖాళీగా దొరుకుతుంది. మైకులో తెలుగు, తమిళం రెండూ చెబుతారు. ఆరేళ్లలోపు పిల్లలకు చీకటి హాలు భయం పుట్టిస్తుంది, వాళ్లను స్క్విడ్ కన్ను దగ్గరికి నేరుగా తీసుకెళ్లండి. హాలు టికెట్టుతో అదే రోజు రెండోసారి లోపలికి రానిస్తున్నారు, కానీ చేతి మీద ముద్ర అడిగితేనే వేస్తారు. బయటికి వచ్చేటప్పుడు అడిగి వేయించుకోండి.